పిల్లల మాటకు పెద్దపీట వేసిన యానుష్ కోర్చాక్

బాలసాహిత్యం సృష్టించినవారు అన్ని దేశాలలోను ఉన్నారు. తాము రాసిన మాటకు తమ జీవితాన్నే పూచీగా నిలిపినవారు అరుదు. అట్టి అరుదైన రచయిత పోలండ్ దేశీయుడైన యానుష్ కోర్చాక్.

ఆయన అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్. వార్సా నగరంలోని ఒక యూదు కుటుంబంలో 1878లో గాని, 1879లో గాని జూలై 22న జన్మించారు. ఆనాడు వార్సా రష్యా చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. బడిలో చదువంతా రష్యన్ భాషలోనే సాగేది. ఇంట మాట్లాడే పోలిష్ భాషకు అక్కడ చోటు లేదు. న్యాయవాదియైన తండ్రి జబ్బుపడి మరణించగా కుటుంబం పేదరికం పాలైంది. హెన్రిక్ ట్యూషన్లు చెప్పి ఇంటికి ఆసరా అయ్యారు. ఉచిత పఠనాలయాలలో పేదపిల్లలకు పుస్తకాలు అందించారు. 1898లో ఒక నాటక రచన పోటీకై స్వీకరించిన కలంపేరే ఆయనకు శాశ్వతమైంది.

వైద్యవిద్య పూర్తిచేసి పిల్లల ఆసుపత్రిలో పనిచేసిన కోర్చాక్, 1912లో క్రోహ్మల్నా వీధిలోని యూదు అనాథ బాలల గృహానికి సంచాలకులయ్యారు. స్టెఫానియా విల్చిన్‌స్కా అనే విదుషీమణి తుదివరకు ఆయనకు తోడుగా నిలిచారు. ఆ గృహంలో పిల్లలే న్యాయమూర్తులుగా ఒక న్యాయస్థానం నడిచేది. దాని శిక్షాస్మృతిలో క్షమకే అగ్రస్థానం. సంచాలకులు సైతం ఆ న్యాయస్థానం ముందు నిలబడి సంజాయిషీ చెప్పుకొన్న సందర్భాలున్నాయి.

1923లో వెలువడిన ఆయన నవల 'రాజు మాచుష్' పోలండ్ బాలలకు ప్రియమైన గ్రంథం. తండ్రి మరణంతో సింహాసనమెక్కిన బాలరాజు పిల్లలకొక శాసనసభ నెలకొల్పుతాడు. చివరకు ఓడి, ప్రవాసం పాలవుతాడు. మంచి తలపెట్టినవాడు సైతం ఓడిపోవచ్చునన్న సత్యాన్ని పిల్లల నుండి దాచరాదని కోర్చాక్ భావించారు. తీపి అబద్ధం మీద కట్టిన ఆశ నిలువదని ఆయన నమ్మకం.

పిల్లలు చదివితే చాలదు, రాయాలి. రాసినదానిని పెద్దలు శ్రద్ధగా చదవాలి. ఈ ఉద్దేశంతో 1926లో ఒక దినపత్రికకు అనుబంధంగా 'చిన్న సమీక్ష' అనే బాలల వారపత్రికను ప్రారంభించారు. పిల్లల ఉత్తరాలు, వార్తలు, ఫిర్యాదులే అందులోని విషయం. 1939 సెప్టెంబరు 1న, జర్మనీ పోలండ్‌పై దండెత్తిన నాటితో, ఆ పత్రిక ఆగిపోయింది.

1940లో నాజీలు వార్సా యూదులను ఒక పేటలో కుదించి చుట్టూ గోడ కట్టారు. అనాథ గృహం కూడా ఆ గోడల లోపలికి తరలింది. ఆకలి, అంటురోగాల నడుమ కోర్చాక్ ఇంటింటికీ తిరిగి పిల్లలకు తిండి సంపాదించేవారు. అంతటి దుర్దినాలలో, 1942 జూలై 18న, ఆ పిల్లలు రవీంద్రనాథ ఠాకూర్ 'డాక్‌ఘర్' నాటకాన్ని ప్రదర్శించారు. జబ్బుతో గది దాటలేని అమల్ అనే బాలుడు కిటికీ దగ్గర కూర్చుండి రాజుగారి ఉత్తరానికై ఎదురుచూచే కథ అది. మృత్యువును ప్రశాంతంగా స్వీకరించడం పిల్లలకు నేర్పదలచి ఆయన ఆ నాటకాన్ని ఎన్నుకొన్నారని చెబుతారు. వంగదేశంలో పుట్టిన ఒక రచన, వేల మైళ్ళ దూరాన, గోడల నడుమ చిక్కిన పిల్లలకు కిటికీ అయింది.

మరి మూడు వారాలైనా గడువక ముందే, ఆగస్టు మొదటివారంలో, సుమారు 200 మంది పిల్లలను ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి తరలించారు. తాను తప్పించుకొనే అవకాశాలు వచ్చినను కోర్చాక్ నిరాకరించి, పిల్లలతోనే నడిచి వెళ్ళారు. స్టెఫానియా కూడా వెంట నడిచారు. ఎవరూ తిరిగి రాలేదు.

ఆయన చివరి దినచర్య మిగిలింది, 1958లో ముద్రితమైంది. మొక్కలకు నీళ్ళు పోస్తూ, గోడవద్ద తుపాకితో నిలిచిన జర్మన్ సైనికుని చూచి, యుద్ధానికి ముందు ఇతడొక పల్లెటూరి ఉపాధ్యాయుడేమో అని తలపోసిన ఘట్టం దాని చివరి పుటలలోనిది. శత్రువులోను మనిషిని వెదకిన ఆ చూపే ఆయన ఆశకు నిదర్శనం.

బాలలను గౌరవించడం పెద్దల దయ కాదనీ, అది బాలల హక్కనీ 1929లోనే ఆయన గ్రంథస్థం చేశారు. పోలండ్ 1978లో ప్రతిపాదించిన బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989 నవంబరు 20న ఆమోదించింది. భారతదేశం 1992లో అందులో చేరింది.

ఆ హక్కు ఒప్పందపు కాగితాలతోనే సిద్ధించదు. విద్యార్థి తన భాషలో వంకరటింకరగా రాసిన నాలుగు పంక్తులను ఉపాధ్యాయుడు ఓర్పుతో చదివినప్పుడు, బిడ్డ చెప్పే మాటను తల్లిదండ్రులు తుదివరకు విన్నప్పుడు, అది కొంత నెరవేరుతుంది. కోర్చాక్ జీవితమంతా చేసిన పని అదే.