శ్రీమతి డొక్కా సీతమ్మగారి జీవితము

కోనసీమ గోదావరి పాయల నడుమనున్న సీమ. వంతెనలు లేని కాలమున అంతర్వేదికి బోవు బాటసారి రేవుకడ పడవకై కనిపెట్టుకొని యుండవలసినవాడే. వరద వచ్చెనేని పడవయు నుండదు. ప్రొద్దు గ్రుంకెనేని ఆ పూట గడచుటయు దుర్ఘటమే. అట్టి త్రోవలో, వైనతేయ గోదావరి చెంతనున్న లంకల గన్నవరమున, ఏ వేళ వచ్చినవారికైనను విస్తరి వేసిన యిల్లాలు డొక్కా సీతమ్మగారు. ఈ సంచికలో ఆమె చరిత్రమును వ్రాయుట మాకు గర్వకారణమే. కాని కొంత జంకును గలదు. ఏలయన ఆమెను మనవారని చెప్పుకొనుట సులభము, ఆమె చేసినట్లు చేయుట సులభము గాదు.

సీతమ్మగారు 1841లో మండపేటయందు జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. ఇంటికి వచ్చినవారికెల్ల అన్నము పెట్టుటచే ఊరివారు ఆ తండ్రిని బువ్వన్న యని పిలిచెడివారట. తల్లి గతింపగా చిన్ననాటనే ఇంటి బరువు బాలికపై బడెను. గన్నవరపు భూవసతిగల పండితుడు డొక్కా జోగన్నగారు ఒకనాటి మధ్యాహ్నము ఆ యింట అతిథియై, ఆ పిల్ల వడ్డించిన తీరునకు సంతసించి, ఆమెను వివాహమాడిరి.

అన్నదానమని ఒక్క మాటలో ననవచ్చును. ఆనాడు బియ్యపు మరలు లేవు. ధాన్యము దంపవలెను, నీరు తోడవలెను, వానకాలమునకై వంటచెరకు ముందుగనే ఎండబెట్టి దాచవలెను. అర్ధరాత్రమున తడిసి వచ్చినవానికొరకు ఆర్పిన పొయ్యి మరల రాజవేయవలెను. ఒకనాడు కాదు, ఒక పండుగకు కాదు, బ్రదికినన్నాళ్లును ఇదియే పని. కాటను దొరగారి ఆనకట్ట 1852లో పూర్తియైన పిదప ఈ సీమ పొలములు బాగుగ పండినమాట నిజమే. ఐనను ఆ యింటి పొయ్యి పంటను మించెను. పొలములు తరిగినవి, నగలు కరిగినవి. సత్రము కట్టించి దాత పేరు రాతిపై చెక్కించుటయు మంచి పనియే, దానిని మేము తక్కువ చేయము. సీతమ్మగారి యింట మాత్రము అట్టి రాయి లేదు.

వచ్చినవాని కులమేదియని ఆమె అడుగలేదు. కులసంఘపు సంచికలో ఈ మాటను మెల్లగా దాటిపోవుట న్యాయము కాదని తలచి విడిగా వ్రాయుచున్నాము. ఆ దినములలోనే రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు ప్రసంగములతోను పత్రికలతోను సంఘమును కదలించుచుండిరి; 1881లో వితంతు వివాహమును జరిపించిరి. సీతమ్మగారు సభ యెక్కినవారు కారు. వంటయింటినుండి కదలకయే ఆమె ఆచారపు గట్టును దాటినారు.

పిఠాపురపు రాజావారు మారువేషమున వచ్చి పరీక్షించిరను కథ గలదు. మహనీయులందరికిని ఇట్టి కథ యొకటి చేరుచుండును గనుక దానిని విడుతము. మాకు ఎక్కువ ప్రియమైనది వేరొకటి. ఒకమారు ఆమె అంతర్వేది నరసింహస్వామి దర్శనమునకు పల్లకిలో బయలుదేరి, త్రోవలో విశ్రమించిరట. అచట ఆకలిగొన్న పిల్లలను, గన్నవరము చేరినచో సీతమ్మగారు అన్నము పెట్టుదురని తల్లిదండ్రులు ఊరడించుచుండుట ఆమె చెవిని బడెను. వెంటనే బోయీలను వెనుకకు మరలించి, వారికంటె ముందుగా ఇల్లు చేరి వంట చేసిరి. స్వామి దర్శనము ఆనాటికి నిలిచిపోయెను.

ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవమునకు 1903 జనవరిలో ఢిల్లీలో దర్బారు జరిగెను. దొరతనమువారు సీతమ్మగారిని ఆహ్వానింపగా, తాను పేరుకొరకు చేయుటలేదని ఆమె పోలేదని చెప్పుదురు. ఛాయాపటమునైన తీయించుకొనుడని అధికారులు కోరగా ముందు అంగీకరింపలేదట. పటము లేకున్న తన యుద్యోగమునకు ముప్పు వచ్చునని వచ్చిన యధికారి బ్రతిమాలగా ఒప్పుకొనిరట. రాజాజ్ఞకు లొంగని యామె ఒకని జీతపురాళ్లకు లొంగినారు! నేడు మన యిండ్లలో కానవచ్చు పటమునకు మూలము అదియే యందురు.

1909 ఏప్రిల్ 28వ తేదీన సీతమ్మగారు పరమపదించిరి. గన్నవరమున వైనతేయపై పాత అక్విడక్టునకు బదులుగా కట్టి 2000లో ప్రారంభించిన కొత్తదానికి ఆమె పేరు పెట్టిరి. 2024లో ఆంధ్రప్రదేశ ప్రభుత్వమువారు బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకును ఆ పేరే యుంచిరి.