జాన్ న్యూటను: 34 ఏండ్ల మౌనము

కృపను గూర్చిన ప్రసిద్ధ కీర్తన వ్రాసిన జాన్ న్యూటను కథ మన కూటములలో తరచు వినుచుందుము. తుపానులో ప్రార్థించెను, మారెను, బానిస వ్యాపారము మానెను అని చెప్పుదురు. అది అంత త్వరగా జరుగలేదు.

ఇతడు 1725లో లండనులో పుట్టెను. వాక్యము నేర్పిన తల్లి ఇతనికి ఏడేండ్లు నిండకముందే చనిపోయెను. తండ్రి ఓడ నాయకుడు. కొడుకును 11వ ఏటనే సముద్రము మీదికి తీసికొనిపోయెను. 1744లో ఇంగ్లాండు నౌకాదళమువారు ఇతనిని బలవంతముగా పట్టుకొని హార్విచ్ అను యుద్ధనౌకలో చేర్చిరి. తండ్రి సిఫారసువలన చిన్న అధికారి అయ్యెను గాని, పారిపోయి పట్టుబడగా కొరడాలతో కొట్టి పదవి తీసివేసిరి.

తరువాత సియెర్రా లియోను తీరమున ఒక బానిస వ్యాపారి కొలువులో చేరి, జ్వరముతోను ఆకలితోను చావునకు దగ్గరయ్యెను. అప్పుడు సంకెళ్లలోనున్న బానిసలే తమకు చాలని కూటిలోనుండి రహస్యముగా తెచ్చి ఇతనికి పెట్టిరి. ఈ సంగతి తానే వ్రాసికొనెను. వారి పేర్లు మాత్రము వ్రాయలేదు.

1748 మార్చిలో గ్రేహౌండ్ అను ఓడ తుపానులో బ్రద్దలు కాబోగా న్యూటను దేవుని కనికరము వేడుకొనెను. ఓడ ఐర్లాండు చేరెను. ఆ దినమును బ్రదుకంతయు జ్ఞాపకము చేసికొనెను. అయినను 1750 మొదలు 1754 వరకు తానే నాయకుడై మూడు మారులు బానిసల ఓడలు నడపెను! ఆదివారమున పైన నావికులతో ప్రార్థన జరిపెను; క్రింద మనుష్యులు ఇద్దరిద్దరుగా సంకెళ్లలో పడియుండిరి. తిరుగుబాటు పన్నుచున్నారని తెలిసి, నిజము చెప్పించుటకు పిల్లల వ్రేళ్లను ఇనుప మరలతో నొక్కించెను. యోసేపును గుంటలో పడవేసి భోజనమునకు కూర్చున్న అన్నలు మాకు జ్ఞాపకమునకు వచ్చుచున్నారు. ఆ కాలమున దానిని మర్యాదగల వృత్తిగా ఎంచిరి నిజమే. కాని తనకు కూడు పెట్టిన చేతులను ఇతడు ఎట్లు మరచెనో!

1754లో ఆ పని మానుటకు కారణము మనస్సాక్షి కాదు, జబ్బు. 1764లో ఓల్నీ గ్రామములో బోధకుడయ్యెను, 1780లో లండను సంఘమునకు వచ్చెను. యౌవనుడైన విల్బర్‌ఫోర్సు 1785లో ఆలోచన కొరకు రాగా, పార్లమెంటులోనే నిలిచి దేవుని సేవించుమని ధైర్యము చెప్పెను.

చివరకు 1788లో, 62 ఏండ్ల ప్రాయమున, ఆ వ్యాపారమును గూర్చి చిన్న పుస్తకము ప్రచురించి, తన దోషమును బహిరంగముగా ఒప్పుకొనెను. ఒప్పుకోలు ఆలస్యమైనదనియు వ్రాసెను. ప్రభుత్వ విచారణలోను సాక్ష్యమిచ్చెను. ఓడలలో జరిగినది కన్నులార చూచినవాని మాట గనుక దానికి బలముండెను.

1807 మార్చిలో పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించెను. చూపు మందగించిన న్యూటను ఆ వార్త విని, డిసెంబరు 21న కన్నుమూసెను. అప్పటికే అమ్ముడుపోయి చెరకు తోటలలో నున్నవారికి విడుదల చట్టము 1833 వరకు రాలేదు.