గాలినీ పెట్రోలునూ కొలిచిన మైబాఖ్

మోటారు కారు కథ చెప్పేటప్పుడు మనం బెంజ్, డైమ్లర్ అని రెండు పేర్లు చెప్పి ఊరుకుంటాం. డైమ్లర్ పక్కనే డ్రాయింగు బల్ల ముందు ఏళ్ల తరబడి కూర్చున్న విల్‌హెల్మ్ మైబాఖ్ మనకు గుర్తుకు రాడు. చిన్న ఇంజిన్‌కు ఏ పూట ఎంత తిండి పెట్టాలో తేల్చినవారిలో ఆయన ముందుంటాడు.

మైబాఖ్ 1846లో జర్మనీలోని హైల్‌బ్రాన్‌లో ఒక వడ్రంగి ఇంట పుట్టాడు. పదేళ్లు వచ్చేసరికి తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. రాయిట్‌లింగెన్‌లో గుస్టావ్ వెర్నర్ నడిపే ఆశ్రమం ఆ పిల్లవాణ్ణి చేరదీసింది. అక్కడ అన్నంతోపాటు పనీ నేర్పేవారు. కుర్రవాడికి డ్రాయింగులో చెయ్యి తిరిగింది. ఆ ఆశ్రమం వర్క్‌షాపు చూసుకోవడానికి వచ్చిన గాట్లీబ్ డైమ్లర్ అది గమనించాడు. అక్కడినుంచి డైమ్లర్ ఏ ఊరు మారితే మైబాఖ్ ఆ ఊరు మారాడు. కార్ల్స్‌రూ, డాయిట్జ్, 1882లో కాన్‌స్టాట్. మా బదిలీలకు ఆర్డరు కాగితం వస్తుంది. ఆయన ఒక మనిషిని నమ్మి మూటాముల్లె సర్దుకున్నాడు.

కాన్‌స్టాట్‌లో డైమ్లర్ ఇంటి తోటలోని గాజు గదే వాళ్ల వర్క్‌షాపు. తలుపులు మూసుకుని రాత్రింబవళ్లు ఏదో చేస్తుంటే దొంగ నాణేలు పోస్తున్నారని తోటమాలి పోలీసులను పిలిచాడని చెబుతారు. దొరికినవి పనిముట్లు, ఇంజిన్ సామాన్లు. 1885లో ఆ ఇంజిన్‌ను చెక్కతో చేసిన రెండు చక్రాల బండికి అమర్చారు. దాని బలం అర హార్స్‌పవర్.

ఇంజిన్ తిరిగింది గాని, నిలకడ లేదు. పెట్రోలు ఆవిరై గాలితో తగుపాళ్లలో కలిస్తేనే సిలిండర్‌లో సరిగా మండుతుంది. ఒక కిలో పెట్రోలుకు సుమారు 15 కిలోల గాలి కావాలి. లీటర్లలో చెబితే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9 వేల లీటర్ల గాలి! పెట్రోలు ఎక్కువైతే నల్లపొగ, ప్లగ్గుకు మసి. తక్కువైతే ఇంజిన్ తడబడి ఆగిపోతుంది. మేము కొండ ప్రాంతంలో పనిచేసినప్పుడు, మైదానంలో చక్కగా నడిచిన పాత స్కూటర్లు పైకి రాగానే పొగ కక్కడం చూశాం. పైన గాలి పల్చన, జెట్ మాత్రం కిందలాగే పెట్రోలు వదులుతుంది. మెకానిక్ జెట్ మార్చి, స్క్రూ కాస్త తిప్పితే గాని దారికి వచ్చేవి కావు.

తొలి ఇంజిన్లలో డబ్బాలోని పెట్రోలు మీదుగా గాలిని పోనిచ్చి ఆవిరిని పట్టుకునేవారు. తేలిక భాగం ముందు ఆవిరైపోయేది, బరువైనది అడుగున మిగిలేది. ఎండకు ఒక పాళ్లు, చలికి ఇంకో పాళ్లు.

ఇంతలో 1890లో ఏర్పడిన డైమ్లర్ కంపెనీలో డబ్బు పెట్టినవాళ్లతో పొసగక మైబాఖ్ మరుసటి ఏడాదే బయటికి వచ్చేశాడు. డైమ్లర్ చాటుగా ఖర్చు భరిస్తుంటే కాన్‌స్టాట్‌లోని ఒక పాత హోటలు హాల్లో పని సాగించాడు. మా దృష్టిలో ఆయన గొప్పపని ఈ అజ్ఞాతవాసంలోనే జరిగింది. 1893లో పెట్రోలును సన్నని రంధ్రం గుండా చిమ్మే కార్బ్యురేటర్ తయారైంది. ఇంజిన్ గాలిని పీల్చుకుంటే, ఇరుకు దారిలో ఆ గాలి వేగానికి పెట్రోలు తుంపరగా పైకి లేస్తుంది. చిన్న తొట్టిలో తేలే ఫ్లోటు పెట్రోలు మట్టం మారకుండా చూస్తుంది. ఎక్కువ గాలి పీలిస్తే ఎక్కువ పెట్రోలు, తక్కువ పీలిస్తే తక్కువ. న్యాయంగా ఇంకో మాటా చెప్పాలి. హంగేరీలో డొనాట్ బాంకి, యానోష్ చొంకా అదే ఏడాది ఇదే సూత్రంతో కార్బ్యురేటర్ చేశారు.

1895లో ఆయన కంపెనీకి తిరిగి వచ్చాడు. 1900లో డైమ్లర్ పోయాడు. ఆ ఏడాది చివరికే మైబాఖ్ గీసిన 35 హార్స్‌పవర్ కారు సిద్ధమైంది. దానికి ఒక వ్యాపారి కూతురి పేరు పెట్టారు, మెర్సిడెస్ అని. 1907లో కంపెనీ వదిలాక, కొడుకు కార్ల్‌తో కలిసి జెప్పెలిన్ గాలి ఓడలకు ఇంజిన్లు తయారుచేసే సంస్థ స్థాపించాడు.

ఇప్పుడు మన కొత్త బైకుల్లో కార్బ్యురేటర్ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. చేనులో మందు కొట్టే స్ప్రేయర్లలో, కరెంటు పోతే తాడు లాగి నడిపే చిన్న జనరేటర్లలో ఆ ఇరుకు దారి, ఆ సన్నని రంధ్రం ఇంకా చూడవచ్చు.

మైబాఖ్ 1929 డిసెంబరు 29న పోయాడు. కాన్‌స్టాట్ శ్మశానవాటికలో, డైమ్లర్ సమాధి ఉన్నచోటే, ఆయననూ ఉంచారు.