నిప్పురవ్వకు వేళ నేర్పిన రాబర్ట్ బాష్

పాత మోటారు సైకిలు గలవారి యవస్థను మీరు చూచియే యుందురు. ఎన్ని మారులు తన్నినను ఇంజను కదలదు. ఒక్కొక్కప్పుడు కిక్కరు వెనుకకు తిరిగి కాలికి గట్టి దెబ్బ తగిలించును. అప్పుడు మెకానిక్కు పెట్రోలు కలదా, ప్లగ్గున నిప్పురవ్వ వచ్చుచున్నదా యని చూచి, పిమ్మట పాయింట్ల మూత విప్పును. రవ్వ పుట్టినంత మాత్రమున చాలదు, అది వేళకు పుట్టవలెను. ఆ వేళకే టైమింగు అని పేరు.

ఊయెల నూపువాడు అది తన వద్దకు వచ్చి మరలు క్షణముననే త్రోయవలెను. ముందుగా త్రోసిన ఊయెల నిలిచిపోవును. ఆలసించిన చేయి గాలిని త్రోయును. ఇంజనులోను ఇట్లే. పెట్రోలు ఆవిరియు గాలియు కలిసిన మిశ్రమమును పిస్టను పైకి నొక్కును. ఆ మిశ్రమము పూర్తిగా మండుటకు కొంత కాలము పట్టును గనుక, పిస్టను కొసకు చేరుటకు కొంచెము ముందే రవ్వ పుట్టవలెను. వేగము పెరిగిన కొలది మరికొంత ముందు పుట్టవలెను. ఈ చిక్కు ముడిని విప్పిన వారిలో ముఖ్యుడు జర్మనీ దేశీయుడగు రాబర్ట్ బాష్.

అతడు 1861వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన ఉల్మ్ నగర సమీపమునందలి ఆల్బెక్ గ్రామమున జన్మించెను. తండ్రి వ్యవసాయము చేయుచు పూటకూళ్ల సత్రమును నడుపుచుండెడివాడు. పండ్రెండుగురు సంతానములో ఇతడు పదునొకండవవాడు. బడి చదువు ముగిసిన పిమ్మట సూక్ష్మ యంత్రముల పనిలో శిష్యుడుగా చేరి, జర్మనీలోని పలు కర్మాగారములలో పనిచేసెను. పిదప అమెరికాకు పోయి ఎడిసన్ సంస్థలోను, ఇంగ్లండునకు పోయి సీమెన్స్ సంస్థలోను అనుభవము గడించెను.

1886వ సంవత్సరము నవంబరు 15వ తేదీన స్టుట్‌గార్ట్ నగరమున చిన్న పనిశాలను తెరచెను. అతనికి తోడు ఒక పనివాడు, ఒక కుఱ్ఱవాడు మాత్రమే. టెలిఫోనులు అమర్చుట, విద్యుత్ పరికరములు బాగుచేయుట, వచ్చిన పని నెల్ల చేయుట అప్పటి వారి వృత్తి. మరుసటి యేడు ఒక యంత్ర నిర్మాత తన ఇంజనునకు మాగ్నెటో కావలెనని యడిగెను. మాగ్నెటో యనగా, బ్యాటరీ యవసరము లేకయే అయస్కాంతముల నడుమ కదలు తీగచుట్ట వలన విద్యుత్తును పుట్టించు సాధనము. బాష్ అట్టి దానిని పరిశీలించి, మెరుగుపరచి, చేసి యిచ్చెను. అయినను వ్యాపారము స్థిరపడుటకు చాల యేండ్లు పట్టెను. అప్పులు చేయవలసి వచ్చెను. పనివారిని తగ్గింపవలసియు వచ్చెను.

1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అను నాంగ్లేయుడు డి డియాన్ బూటన్ వారి మూడు చక్రముల మోటారు బండి నొకదానిని తెచ్చి, దీనికి మాగ్నెటో అమర్చగలరా యని యడిగెను. దాని ఇంజను నిమిషమునకు సుమారు 1800 చుట్లు తిరుగును. ఒకే సిలిండరు గల ఇంజనులో రెండు చుట్లకు ఒక రవ్వ గనుక, నిమిషమునకు 900, అనగా క్షణమునకు పదునైదు రవ్వలు కావలెను! నెమ్మదిగా తిరుగు ఇంజనులకై చేసిన పాత మాగ్నెటోలో బరువైన తీగచుట్ట ఇటునటు ఊగవలసి యుండెను. అంత వేగము దానికి అందదు. బాష్ వద్దనున్న ఆర్నాల్డ్ జేరింగర్ అను శిల్పి తీగచుట్టను కదలకుండ నిలిపి, దానిచుట్టు తేలికయగు ఇనుప తొడుగు మాత్రము ఊగునట్లు ఏర్పరచెను. బండి నడచెను.

అయినను సిలిండరు లోపల కదలెడి లోహపు ముక్కలు విడివడినప్పుడే రవ్వ పుట్టుచుండెను. అవి అరిగిన కొలది వేళ తప్పుచుండెడిది. 1902 నాటికి గాట్లోబ్ హోనోల్డ్ అను నింజనీరు అధిక పీడన విద్యుత్తు నిచ్చు మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును సిద్ధపరచెను. సిలిండరు లోపల కదలు భాగములు తొలగిపోయి, పాయింట్లు వెలుపలికి వచ్చెను. నేటికిని పాత బండ్లకు మెకానిక్కు సవరించునది ఆ పాయింట్ల ఎడమునే. ఎడము హెచ్చైనచో అవి ముందుగా విడివడును. రవ్వ తొందరపడి కిక్కరు ఎదురుతన్నును. ఎడము తగ్గినచో రవ్వ ఆలసించును. ఇంజను వేడెక్కును, బలము తగ్గును. కనుక ముందు ఎడమును సరిచేసి, తరువాతనే టైమింగును చూడవలెను.

1906 నాటికి బాష్ కర్మాగారము లక్షవ మాగ్నెటోను తయారుచేసెను. ఆ యేడే అతడు తన పనివారికి దినమునకు ఎనిమిది గంటల పని నియమమును ప్రవేశపెట్టెను. ఇట్టి యజమానులు అప్పుడు అరుదు. నాసి సరకు నమ్మి ధనము గడించుట కంటె నష్టపోవుట మేలని అతని నమ్మకము. ధనము పెరిగినను దుఃఖము తప్పలేదు. 1921లో కుమారుడు దీర్ఘవ్యాధితో మరణించెను. 1940లో స్టుట్‌గార్ట్‌లో అతని పేర ఆసుపత్రి వెలసెను.

చివరి దినములు కఠినములైనవి. హిట్లరు పాలనను అతడు ద్వేషించెను. దానిని ఎదిరించు వారికి ఆశ్రయ మిచ్చెను. యూదులకు రహస్యముగా సాయపడెను. కాని అతని కర్మాగారములు అదే పాలనకు యుద్ధ సామగ్రిని చేసెను. బలవంతముగా తెచ్చిన కూలీల చేతను పని చేయించెను. గొప్పవాని చరిత్ర చదువునప్పుడు ఈ రెండును చూడవలెను. ఒకటి దాచినచో అది చరిత్ర కాదు. 1942 మార్చి 12న అతడు కన్నుమూసెను.

1951లో బెంగుళూరున స్థాపింపబడిన మైకో సంస్థ బాష్ సంస్థకు సంబంధించినదే. మైకో ప్లగ్గు పేరు మీ యింటి పెద్దల నడుగుడు, చెప్పుదురు. ఇక మీదట వీధిలో పాత బండి మొరాయించినప్పుడు నవ్వక, మెకానిక్కు ప్రక్కన కూర్చుండి ఆ పాయింట్లు తెరచుకొను క్షణమును కన్నులార చూడుడు. ఆ క్షణమును పట్టుటకు ఎందరో ఏండ్ల తరబడి శ్రమించిరి.