రోనీ పీటర్సన్

రోనీ పీటర్సన్ (ఫిబ్రవరి 14, 1944 - సెప్టెంబర్ 11, 1978) స్వీడన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ మోటారు పందేల డ్రైవరు. ఇతని పూర్తి పేరు బెంగ్ట్ రోనీ పీటర్సన్. 1970 నుండి 1978 వరకు ఫార్ములా వన్ ప్రపంచ పోటీలలో 123 పందేలలో పాల్గొని 10 విజయాలు సాధించాడు. 1971లోను, 1978లోను డ్రైవర్ల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో రెండవ స్థానం పొందాడు. ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను ఒక్కసారి కూడా గెలవకపోయినా, తన కాలంలోని అత్యంత వేగవంతులైన డ్రైవర్లలో ఒకడుగా పేరు పొందాడు. అభిమానులు ఇతనిని సూపర్‌స్వీడ్ అని పిలిచేవారు. 1978 ఇటాలియన్ గ్రాండ్ ప్రి ప్రారంభంలో జరిగిన ప్రమాదంలో గాయపడి మరునాడు మరణించాడు. ఆ ప్రమాదంలో బయటపడిన లోపాల కారణంగా ఫార్ములా వన్‌లో అత్యవసర వైద్య ఏర్పాట్లు సమూలంగా మారాయి.

బాల్యం, తొలి పోటీలు

పీటర్సన్ స్వీడన్‌లోని ఓరెబ్రూ పట్టణంలో జన్మించాడు. ఇతని తండ్రి రొట్టెల తయారీ వృత్తిలో ఉండేవాడు. యంత్రాలపై కూడా ఆయనకు మక్కువ ఎక్కువ. పీటర్సన్ మొదట చిన్న కార్ట్ బళ్ళ పోటీలలో రాణించి స్వీడన్ జాతీయ ఛాంపియన్ అయ్యాడు. తరువాత తండ్రి, ఒక మిత్రుడు కలిసి తయారు చేసిన స్వెబే అనే కారుతో ఫార్ములా త్రీ పోటీలలో ప్రవేశించాడు. అనంతరం ఇటలీకి చెందిన టెక్నో సంస్థ కారు నడిపి, 1969లో మొనాకోలో జరిగిన ఫార్ములా త్రీ పందెం గెలిచాడు. ఈ విజయంతో పెద్ద జట్ల దృష్టి ఇతనిపై పడింది.

ఫార్ములా వన్ జీవితం

1970 మొనాకో గ్రాండ్ ప్రితో పీటర్సన్ ఫార్ములా వన్‌లో అడుగుపెట్టాడు. అప్పుడు నడిపినది మార్చ్ సంస్థ కారు. 1971లో మార్చ్ జట్టులోనే ఉంటూ నాలుగు పందేలలో రెండవ స్థానం పొందాడు. ఆ ఏడాది మోంజాలో జరిగిన ఇటాలియన్ గ్రాండ్ ప్రిలో పీటర్ గెథిన్ కంటే కేవలం సెకనులో నూరవ వంతు వెనుకబడి విజయం కోల్పోయాడు. ఆ సంవత్సరం ఒక్క పందెం కూడా గెలవకుండానే జాకీ స్టీవార్ట్ తరువాత రెండవ స్థానంలో నిలవడం విశేషం. అదే సంవత్సరం యూరోపియన్ ఫార్ములా టూ ఛాంపియన్‌షిప్ గెలుచుకున్నాడు. 1972లో ఫెరారీ స్పోర్ట్స్ కారు నడిపి, టిమ్ షెంకెన్‌తో కలిసి బ్యూనస్ ఐర్స్, నూర్‌బర్గ్‌రింగ్ వేయి కిలోమీటర్ల పందేలు గెలిచాడు.

1973లో కాలిన్ చాప్‌మన్ నడిపే లోటస్ జట్టులో చేరాడు. ఫ్రాన్స్‌లోని పాల్ రికార్డ్ ట్రాక్‌పై తొలి ఫార్ములా వన్ విజయం లభించింది. ఆ తరువాత ఆస్ట్రియా, ఇటలీ, అమెరికా పందేలు కూడా గెలిచి ఆ సంవత్సరం మూడవ స్థానం పొందాడు. 1974లో మొనాకో, ఫ్రెంచ్, ఇటాలియన్ గ్రాండ్ ప్రిలు గెలిచాడు. కారు వెనుక భాగం పక్కకు జారుతున్నా వేగం తగ్గించకుండా అదుపులో ఉంచడం ఇతని ప్రత్యేకత. అందువలన పాతబడిన కార్లతో కూడా ముందు వరుసలో ఉండగలిగేవాడు.

1975లో లోటస్ కారు వెనుకబడిపోయింది. 1976 మొదటి పందెం తరువాత పీటర్సన్ తిరిగి మార్చ్ జట్టుకు వెళ్ళి, ఆ ఏడాది మోంజాలో మరొకసారి విజయం సాధించాడు. 1977లో ఆరు చక్రాల టిరెల్ కారు నడిపాడు కాని దానితో గెలుపు దక్కలేదు. 1978లో మళ్ళీ లోటస్‌కు వచ్చాడు. అక్కడ మారియో ఆండ్రెట్టి ప్రథమ డ్రైవరు, పీటర్సన్ ద్వితీయ డ్రైవరు. లోటస్ 79 కారు నేలకు అతుక్కున్నట్లు మలుపులు తిరిగేది. ఆ సంవత్సరం నాలుగు పందేలలో ఆండ్రెట్టి మొదటి స్థానం, అతని వెంటనే పీటర్సన్ రెండవ స్థానం పొందారు. ఒప్పందాన్ని గౌరవించి పీటర్సన్ తన సహచరుని వెనుకనే ఉండేవాడని పేరు. దక్షిణాఫ్రికా, ఆస్ట్రియా పందేలు మాత్రం తానే గెలిచాడు. 1979 సంవత్సరానికి మెక్‌లారెన్ జట్టులో చేరడానికి అంగీకరించాడు.

అప్పటి రక్షణ ఏర్పాట్లు

పీటర్సన్ పోటీ చేసిన కాలంలో ఫార్ములా వన్ చాలా ప్రమాదకరమైన క్రీడ. ట్రాక్ వద్ద వైద్యులు, అగ్నిమాపక సిబ్బంది, వాహనాల ఏర్పాటు ఆయా స్థానిక నిర్వాహకుల ఇష్టంపై ఆధారపడి ఉండేది. ఒక చోట ఉన్న సౌకర్యం మరొక చోట ఉండేది కాదు. జూలై 29, 1973న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు తలక్రిందులై మంటలలో చిక్కుకున్నది. అక్కడి సిబ్బందికి మంటలను తట్టుకొనే దుస్తులు లేవు. తోటి డ్రైవరు డేవిడ్ పర్లీ తన కారు ఆపి ఒంటరిగా ప్రయత్నించినా విలియమ్సన్‌ను కాపాడలేకపోయాడు. పందెం ఆపలేదు. అగ్నిమాపక వాహనం చేరేసరికి విలియమ్సన్ మరణించాడు. ఆ సమయంలో పందెంలో ముందున్నది పీటర్సనే. అదే సంవత్సరం అక్టోబరులో అమెరికన్ గ్రాండ్ ప్రి అర్హత పోటీలలో ఫ్రాంస్వా సెవెర్ మరణించగా, మరునాడు ఆ పందెం పీటర్సన్ గెలిచాడు.

1978లో లండన్‌కు చెందిన నాడీ శస్త్రచికిత్స నిపుణుడు సిడ్ వాట్కిన్స్‌ను బెర్నీ ఎక్లెస్టోన్ ఫార్ములా వన్ వైద్యునిగా నియమించాడు. స్వీడిష్ గ్రాండ్ ప్రి ఆయనకు మొదటి పందెం. పదవి అయితే ఇచ్చారు కాని, ప్రమాదస్థలానికి వేగంగా చేరుకొనే వాహనం, దారి ఇమ్మని ఆజ్ఞాపించే అధికారం ఆయనకు లేవు.

మోంజా ప్రమాదం

సెప్టెంబర్ 10, 1978న మోంజాలో ఇటాలియన్ గ్రాండ్ ప్రి జరిగింది. ఛాంపియన్‌షిప్ పాయింట్లలో పీటర్సన్ అప్పటికి ఆండ్రెట్టి కంటే 12 పాయింట్లు మాత్రమే వెనుక ఉన్నాడు. ఆ ఉదయం సన్నాహక పరుగులో ఇతని లోటస్ 79 కారు ప్రమాదానికి గురై దెబ్బతిన్నది. అందుచేత పందెంలో ముందటి ఏటి నమూనా అయిన లోటస్ 78 కారు నడపవలసి వచ్చింది. డ్రైవరు కాళ్ళు ఉండే ముందు భాగం ఈ పాత కారులో కొత్తదానంత దృఢమైనది కాదు.

నియమం ప్రకారం కార్లన్నీ ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి వచ్చి తమ తమ స్థానాలలో పూర్తిగా ఆగాలి. ఆ తరువాతనే ఎర్ర దీపం, దాని వెంట పచ్చ దీపం వెలగాలి. ఆ రోజు ముందు వరుసల కార్లు ఆగాయి కాని, వెనుక వరుసలవి ఇంకా కదులుతూనే ఉన్నాయి. అంతలోనే పచ్చ దీపం వెలిగింది. కదులుతున్న కార్లు అప్పటికే వేగం అందుకొని ముందున్న కార్ల మధ్యకు దూసుకువచ్చాయి. మోంజాలో ప్రారంభపు దారి చాలా వెడల్పుగా ఉండి, మొదటి మెలికకు ముందు ఒక్కసారిగా ఇరుకవుతుంది. అక్కడ జరిగిన ఢీలో 10 కార్లు చిక్కుకున్నాయి. ఐదవ స్థానం నుండి బయలుదేరిన పీటర్సన్ కారు రక్షణ కంచెను బలంగా ఢీకొని మంటలు అంటుకున్నది.

జేమ్స్ హంట్, క్లే రెగజోనీ, పాట్రిక్ డెపాయే తమ కార్లు దిగి పరుగున వచ్చి పీటర్సన్‌ను మంటల నుండి బయటకు లాగారు. కాలిన గాయాలు స్వల్పమే కాని, రెండు కాళ్ళ ఎముకలు అనేకచోట్ల విరిగాయి. పీటర్సన్ స్పృహలోనే ఉన్నాడు. తన కాళ్ళను తాను చూసుకోకుండా హంట్ అడ్డుపడ్డాడు. విట్టోరియో బ్రాంబిల్లా తలకు చక్రం తగలడంతో ఆయన పరిస్థితి కూడా విషమించింది. చూచినవారందరూ ఎక్కువ భయపడినది బ్రాంబిల్లా గురించే. ఆయన తరువాత కోలుకున్నాడు.

సహాయంలో జాప్యం

ప్రమాదం ప్రేక్షకుల ఎదుటనే, ప్రారంభ స్థానానికి దగ్గరలోనే జరిగింది. అయినా అంబులెన్సు రావడానికి సుమారు 18 నిమిషాలు పట్టింది. పోలీసులు జనాన్ని ఆపడానికి వరుసగా నిలబడి, పరుగున వస్తున్న సిడ్ వాట్కిన్స్‌ను కూడా లోపలికి వెళ్ళనీయలేదు. ప్రధాన వైద్యుడే గాయపడిన డ్రైవరు వద్దకు చేరలేకపోయాడు. చివరకు ట్రాక్ వైద్య కేంద్రంలోనే వాట్కిన్స్ పీటర్సన్‌ను చూడగలిగాడు. అక్కడి నుండి పీటర్సన్‌ను మిలాన్‌లోని నిగ్వార్దా ఆసుపత్రికి తరలించారు.

మరణం

ఆ రాత్రి శస్త్రచికిత్స చేసి విరిగిన ఎముకలను సరిచేశారు. ప్రాణాపాయం లేదనే అందరూ భావించారు. కాని పొడవైన ఎముకలు విరిగినప్పుడు వాటి మజ్జలోని కొవ్వు రక్తంలో కలిసే ప్రమాదం ఉంది. ఆ కొవ్వు బిందువులు ఊపిరితిత్తులు, మెదడు, మూత్రపిండాలలోని సన్నని నాళాలను మూసివేస్తాయి. రాత్రి పీటర్సన్‌కు ఇదే సంభవించింది. సెప్టెంబర్ 11 ఉదయం మరణించాడు. అప్పటికి ఇతని వయస్సు 34 సంవత్సరాలు. జాప్యమే మరణానికి కారణమని నిర్ధారణగా చెప్పడం కష్టం. అయితే మొదటి నిమిషాలలో తగిన చికిత్స అందే ఏర్పాటు లేదన్నది మాత్రం అందరికీ స్పష్టమైంది.

ప్రమాదానికి రికార్డో పట్రేసే కారణమని మొదట కొందరు డ్రైవర్లు నిందించారు. వారి ఒత్తిడి వలన పట్రేసేను తరువాతి అమెరికన్ గ్రాండ్ ప్రిలో పాల్గొననీయలేదు. పట్రేసేపైన, పచ్చ దీపం వెలిగించిన అధికారిపైన ఇటలీలో కేసు నడిచింది. 1981లో న్యాయస్థానం ఇద్దరినీ నిర్దోషులుగా ప్రకటించింది.

మోంజా పందెం తిరిగి ప్రారంభించి 40 చుట్లకు కుదించారు. ఆండ్రెట్టి ఆ రోజే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. పీటర్సన్ మరణానంతరం 51 పాయింట్లతో రెండవ స్థానంలో నిలిచాడు.

అనంతర మార్పులు

పీటర్సన్ మరణం తరువాత వాట్కిన్స్ ఎక్లెస్టోన్ ముందు కొన్ని కోరికలు ఉంచాడు. మత్తుమందు నిపుణుడు, వైద్యుని కోసం వేగమైన కారు, గాయపడినవారిని తరలించే హెలికాప్టరు, మెరుగైన పరికరాలు ప్రతి పందెంలో ఉండాలన్నవి వాటిలో ముఖ్యమైనవి. ఆ తరువాతి పందెం అక్టోబర్ 1, 1978న అమెరికాలోని వాట్కిన్స్ గ్లెన్‌లో జరిగింది. అందులో వైద్యుని కారు మొదటి చుట్టులో పందెం కార్ల వెనుకనే వెళ్ళింది. ప్రమాదాలు ఎక్కువగా ప్రారంభంలోనే జరుగుతాయి కాబట్టి ఈ పద్ధతి ఆ తరువాత ఫార్ములా వన్‌లో స్థిరపడింది. డ్రైవరు పాదాలు ముందు చక్రాల ఇరుసుకు వెనుకనే ఉండాలన్న నియమం 1988లో వచ్చింది. వాట్కిన్స్ 2004 వరకు ఈ బాధ్యతలో కొనసాగి, 2012లో మరణించాడు.

వ్యక్తిగత జీవితం, స్మృతి

పీటర్సన్ 1975లో బార్బ్రోను వివాహమాడాడు. వీరికి నీనా అనే కుమార్తె కలిగింది. బార్బ్రో 1987లో మరణించింది. పీటర్సన్ అంత్యక్రియలు ఓరెబ్రూలో జరిగాయి. నికీ లౌడా, ఎమర్సన్ ఫిట్టిపాల్డి వంటి తోటి డ్రైవర్లు శవపేటికను మోశారు. ఓరెబ్రూలో ఇతని విగ్రహం ఉంది. ఇతని పేరున అక్కడ 2008లో ప్రారంభమైన ప్రదర్శనశాల 2009లో మూతపడింది. 2017లో ఇతని జీవితంపై సూపర్‌స్వీడ్ అనే డాక్యుమెంటరీ చిత్రం విడుదలైంది.