తాళ్ళపాక పెదతిరుమలాచార్యుడు

తాళ్ళపాక పెదతిరుమలాచార్యుడు 15, 16 శతాబ్దాలకు చెందిన తెలుగు వైష్ణవ కవి, సంకీర్తనకర్త. పదకవితా పితామహుడుగా ప్రసిద్ధి పొందిన తాళ్ళపాక అన్నమాచార్యుని కుమారుడు. తండ్రి వలెనే తిరుమల వేంకటేశ్వరస్వామిపై ఆధ్యాత్మ, శృంగార సంకీర్తనలు రచించాడు. తండ్రి రచించిన సంకీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచినవాడుగా తెలుగు సాహిత్య, సంగీత చరిత్రలలో ఇతనికి ప్రత్యేక స్థానం ఉంది.

జీవితం

తాళ్ళపాక గ్రామం కడప సీమలో, రాజంపేట సమీపంలో ఉంది. ఇతని వంశీయులు నందవరీక బ్రాహ్మణులు. అన్నమాచార్యుని కాలంలోనే ఈ కుటుంబం శ్రీవైష్ణవాన్ని స్వీకరించింది. అన్నమాచార్యునికి తిమ్మక్క, అక్కలాంబ అని ఇద్దరు భార్యలు. సుభద్రా కల్యాణం రచించిన కవయిత్రి ఈ తిమ్మక్కయే. తిరుమలాచార్యుడు అక్కలాంబ కుమారుడు.

అన్నమాచార్యుడు 1503లో, దుందుభి సంవత్సర ఫాల్గుణ బహుళ ద్వాదశి నాడు పరమపదించాడు. రోజుకు ఒక సంకీర్తనకు తగ్గకుండా స్వామికి సమర్పించే నియమాన్ని కుమారునికి అప్పగించి వెళ్ళాడని సంప్రదాయం చెబుతున్నది. తిరుమలాచార్యుడు ఆ నియమాన్ని పాటించాడు. శ్రీకృష్ణదేవరాయలు, అచ్యుతదేవరాయలు విజయనగరాన్ని పాలించిన కాలంలో ఇతడు తిరుమలలో పలుకుబడి గల ఆచార్య పురుషుడుగా జీవించాడు. వేదమార్గ ప్రతిష్ఠాపనాచార్య అనే బిరుదు ఇతనికి ఉంది.

కవి అనగానే పేదరికం గుర్తుకు రావడం మనకు అలవాటు. ఇతని విషయంలో అది సరిపడదు. తిరుమల, తిరుపతి శాసనాలలో ఇతడు దాతగా కనిపిస్తాడు. స్వామి నివేదనల కోసం గ్రామాలను, ధనాన్ని ఆలయానికి సమర్పించాడు. ఆనాటి పద్ధతి ప్రకారం ఇటువంటి ధనాన్ని దేవస్థానం వారు చెరువులు, కాలువలు త్రవ్వించడానికి వినియోగించి, పెరిగిన పంట ఆదాయంతో నివేదన జరిపించేవారు. నివేదించిన ప్రసాదంలో నాలుగవ వంతు దాతకు చెందేది.

రాగి రేకులు

ఆ కాలంలో గ్రంథాలను తాటాకులపై వ్రాసేవారు. తాటాకు ప్రతులు పురుగుల వల్ల, తేమ వల్ల పాడయ్యేవి. వాటిని ఎప్పటికప్పుడు తిరిగి వ్రాసేవారు లేకపోతే గ్రంథమే నశించేది. రాజులు భూదానాల వంటి శాశ్వత హక్కులను మాత్రం రాగి శాసనాలపై చెక్కించి ఇచ్చేవారు. పాటలకు అటువంటి గౌరవం లేదు. పైగా పదాలను, దేశి రచనలను పండితులు కావ్యాలతో సమానంగా చూసేవారు కాదు. అటువంటి రచనలను వేల సంఖ్యలో రాగిపై చెక్కించడం అపూర్వమైన సాహసం. ఇంతటి లోహ సంపద, ఇందరు చెక్కడపు పనివారి శ్రమ సమకూరడానికి ఆ కుటుంబానికి గల సిరి కూడా కారణం.

అన్నమాచార్యుని రేకుల మొదట అతడు సంకీర్తనలు ఆరంభించిన సంవత్సరంతో పాటు పరమపదించిన తిథి కూడా ఉన్నది. కాబట్టి ఆ పీఠిక ఉన్న రేకు 1503 తరువాత చెక్కినదే. సాధారణంగా ఒక్కొక్క రేకులో, రెండు వైపులా కలిపి, ఆరు సంకీర్తనలు ఉంటాయి. పాటకు పైన రాగం పేరు ఉంటుంది కాని తాళం పేరు ఉండదు. ఆధ్యాత్మ సంకీర్తనలను, శృంగార సంకీర్తనలను వేరువేరుగా చెక్కి రేకులకు సంఖ్యలు వేశారు. ఆ సంఖ్యల వల్లనే నడుమ ఏయే రేకులు పోయినవో తెలుసుకోగలుగుతున్నాము. అన్నమాచార్యుడు 32 వేల సంకీర్తనలు రచించాడని ప్రసిద్ధి. లభించినవి అందులో సగానికంటె తక్కువే.

ఈ రేకులను తిరుమల ఆలయంలోని ఒక చిన్న అరలో ఉంచారు. దీనికి సంకీర్తన భాండాగారం అని, తాళ్ళపాక అర అని పేర్లు. కాలక్రమంలో ఆ రేకులలో ఏమున్నదో కూడా జనం మరచిపోయారు. వాటిలో తెలుగు వ్యాకరణం ఉన్నదనే వదంతి పుట్టింది. ఎ.డి. క్యాంబెల్ ఆ మాట విని, ఒక బ్రాహ్మణుని చేత పరిశీలింపజేయగా అవి స్తుతి గీతాలని తేలింది. ఆ సంగతి 1816లో వెలువడిన తన తెలుగు వ్యాకరణ గ్రంథంలో అతడు పేర్కొన్నాడు. వ్యాకరణం దొరకలేదు కనుక ఆ విషయం అంతటితో ఆగిపోయింది. మళ్ళీ నూరేళ్ళు గడిచాక, 1922లో, రేకులు దేవస్థానం కార్యాలయానికి చేరాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలైనవారు వాటిని చదివి పరిష్కరించారు. పాత బాణీలు అప్పటికే లుప్తమయ్యాయి. రాళ్ళపల్లి వారు కొన్నింటికి కొత్తగా స్వరాలు కూర్చారు.

రచనలు

సంకీర్తనలే కాక శతకం, దండకం, రగడ, ఉదాహరణం, వచనం వంటి పలు ప్రక్రియలలో ఇతడు రచన చేశాడు. నీతి సీస శతకము, శృంగార దండకము, చక్రవాళ మంజరి, సుదర్శన రగడ, వేంకటేశ్వరోదాహరణము, వైరాగ్య వచన మాలికా గీతాలు వీటిలో ముఖ్యమైనవి. శకటరేఫ, సాధురేఫల భేదాన్ని తెలిపే రేఫఱకార నిర్ణయం లక్షణ గ్రంథం. హరివంశాన్ని కూడా తెనిగించాడని తెలుస్తున్నది గాని ఆ గ్రంథం అలభ్యం. తండ్రి పాటలకు రాగి రేకులు సమకూర్చినవాని కావ్యమే కాలగర్భంలో కలిసిపోయింది.

తెలుగులో వచనం అరుదుగా ఉన్న రోజులలో ఇతడు భగవద్గీతకు ఆంధ్ర వేదాంతమనే పేరుతో వచన వ్యాఖ్య వ్రాశాడు. శ్రీ వేంకటేశ్వర వచనములు భక్తుడు స్వామితో నేరుగా మాట్లాడుతున్నట్లు సాగుతాయి. తెలుగు వచన చరిత్ర చదివే విద్యార్థులు ఈ రెండింటిని తప్పక చూడదగినది. సంకీర్తనలలో తండ్రి ఒరవడి స్పష్టంగా కనిపిస్తుంది.

సంతతి

ఇతని కుమారులలో చినతిరుమలాచార్యుడు, తాత సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణాన్ని తెలుగు చేశాడు. చిన్నన్నగా పేరుపొందిన చినతిరువేంగళనాథుడు ద్విపద కవి. పరమయోగి విలాసము, అష్టమహిషీ కల్యాణము ఇతని కావ్యాలు. ఇతడే తాతగారి జీవితాన్ని అన్నమాచార్య చరిత్రము అనే ద్విపద కావ్యంగా రచించాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి విపులమైన పీఠికతో ఈ గ్రంథం 1949లో ప్రచురితమైంది. సంకీర్తన భాండాగారానికి ఇరుప్రక్కల ఉన్న శిలా ప్రతిమలు అన్నమాచార్య, పెదతిరుమలాచార్యులవని చెబుతారు.