గుణింతంతో గ్రీకు రహస్యం విప్పిన ఆర్కిటెక్ట్

అన్నం పెట్టే వృత్తి ఒకటి, మనసు లాగే విద్య మరొకటి. ఈ రెంటి మధ్య రోజులు గడిపేవాళ్ళు మనలో ఎందరో ఉన్నారు. అలాంటివారు తప్పక తెలుసుకోవలసిన పేరు మైకేల్ వెంట్రిస్.

ఆయన 1922 జూలై 12న ఇంగ్లండులోని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పుట్టారు. తండ్రి బ్రిటిష్ ఇండియన్ ఆర్మీలో అధికారి. చిన్ననాటి నుంచీ వెంట్రిస్‌కు భాషలంటే ప్రాణం. 1936లో, పద్నాలుగేళ్ళ వయసులో, లండన్‌లో జరిగిన ఒక పురావస్తు ప్రదర్శనకు వెళ్ళారు. క్రీట్ ద్వీపంలో నోసోస్ రాజభవనాన్ని తవ్వించిన సర్ ఆర్థర్ ఎవాన్స్ అక్కడే ఉన్నారు. 1900లో అక్కడ దొరికిన మట్టి పలకల మీది 'లీనియర్ బి' లిపిని అప్పటికీ ఎవరూ చదవలేకపోయారని ఆ కుర్రవాడికి తెలిసింది. అప్పటి నుంచి ఆ లిపే ఆయన లోకం.

1940లో, పద్దెనిమిదేళ్ళకే, ఒక అమెరికన్ పురావస్తు పత్రికలో దానిపై వ్యాసం రాశారు. ఇటలీ ప్రాచీన భాష ఎట్రుస్కన్‌కు ఇది బంధువని అందులో వాదించారు. కానీ చదివింది మాత్రం ఆర్కిటెక్చర్. యుద్ధకాలంలో విమానదళంలో నావిగేటర్‌గా పనిచేసి, తిరిగొచ్చి 1948లో చదువు పూర్తిచేశారు. ప్రభుత్వ విద్యాశాఖలో బడి భవనాల నమూనాలు గీయడం ఉద్యోగం. తీరిక వేళల్లో లిపి.

ఆయన పద్ధతి తెలుగువారికి ఇట్టే అర్థమవుతుంది. లీనియర్ బి లో సుమారు 87 అక్షరాలు. చాలా గుర్తులు మన క, కి, కు లాగా హల్లు, అచ్చు కలిసినవి. మాటల చివరలు విభక్తుల్లా మారుతున్నాయని బ్రూక్లిన్ కాలేజీ అధ్యాపకురాలు ఆలిస్ కోబర్ అంతకుముందే నిరూపించారు. ఆమె 1950లో కన్నుమూశారు. ఆ దారిలోనే వెంట్రిస్ ఒకే హల్లు ఉన్నవాటిని ఒక వరుసలో, ఒకే అచ్చు ఉన్నవాటిని ఒక నిలువు గడిలో పేర్చారు. శబ్దాలు తెలియకుండానే తయారైన గుణింతం పట్టిక అది! ఏమీ దాచుకోకుండా, 1951, 52లలో 20 విడతలుగా తన పని వివరాలను తోటి పరిశోధకులకు పంపారు.

తరువాత క్రీట్ ఊళ్ళ పేర్లు ఆ పట్టికలో పెట్టి చూశారు. 'కొ-నొ-సొ' అంటే నోసోస్. మిగిలిన మాటలు కూడా విడివడ్డాయి. తీరా చూస్తే ఎట్రుస్కన్ కాదు, గ్రీకు! పదేళ్ళకు పైగా నమ్మిన సిద్ధాంతాన్ని ఆయన పక్కన పెట్టేశారు. 1952 జూలై 1న బీబీసీ రేడియోలో ఆ సంగతి ప్రకటించారు.

వెంటనే కేంబ్రిడ్జ్ గ్రీకు పండితుడు జాన్ చాడ్విక్ ఆయనతో చేయి కలిపారు. పైలోస్‌లో దొరికిన మరో పలక 1953లో అనుమానాలు చాలావరకు తీర్చింది. అందులోని ముక్కాలి పాత్రల బొమ్మలకూ, పక్కనున్న గ్రీకు మాటలకూ చక్కగా సరిపోయింది. గ్రీకు భాష లిఖిత చరిత్ర ఒక్కసారిగా దాదాపు ఏడు వందల ఏళ్ళు వెనక్కి జరిగింది.

1956 సెప్టెంబర్ 6 రాత్రి హాట్‌ఫీల్డ్ సమీపంలో ఆగివున్న లారీని కారు ఢీకొనడంతో వెంట్రిస్ మరణించారు. వయసు 34 ఏళ్ళే. చాడ్విక్‌తో కలిసి రాసిన పెద్ద గ్రంథం కొద్ది వారాలకే వెలువడింది.

పట్టా లేకున్నా పట్టుదల ఉంటే విద్య అబ్బుతుందని ఆయన జీవితం చెబుతుంది. అంతకన్నా ముఖ్యం మరొకటుంది. ఇష్టపడ్డ విద్యలో నిజం ఎదురైనప్పుడు, మన ఇష్టాన్ని వదులుకోగలగాలి. ఆయనకు గెలుపు దక్కింది అక్కడే.